బొమ్మ రైలు – పెద్ద కెమేరా: ఏది కొనవలెను? ఏది కొనరాదు?

పిట్ట కొంచెం, కూత ఘనం అన్నది మన పెద్దల మాట. నిజమైన రైలుబండిని జానెడు పొడవు బొమ్మగా మలచి, ఆ బొమ్మను ఛాయాచిత్రంలో తిరిగి నిజమైన బండివలె నిలబెట్టే కళకు ఈ సామెత అక్షరాలా వర్తిస్తుంది. ఈ కళ పట్ల మన విద్యార్థులలో కొందరికి ఇటీవల ఆసక్తి కలగడం ఎంతయినా సంతోషించదగిన విషయం. దళసరి అట్టతో, సన్‌బోర్డుతో, ఫెవికాలుతో వారు చేస్తున్న స్టేషనులను, పెట్టెలను చక్కగా ఫోటోలు తీసి భద్రపరచుకోవాలని వారి కోరిక. అందుకై ఒక పెద్ద కెమేరాను, నెలనెలా అద్దె చెల్లించవలసిన ఒక పేరుమోసిన ఎడిటింగ్ సాఫ్ట్‌వేరును కళాశాల సమకూర్చవలెనని వారు అడుగుతున్నారు. కోరిక న్యాయమైనదే. కాని అడిగిన వస్తువులు ఆ కోరికను తీర్చగలవా అన్నది వేరు ప్రశ్న. తీర్చజాలవనీ, అంతకంటె ఎంతో తక్కువ ఖర్చుతో, మరికొంత ఎక్కువ ఓర్పుతో ఆ పని నెరవేరుతుందనీ మా దృఢాభిప్రాయం. ఆ అభిప్రాయానికి గల కారణాలను విద్యార్థి మిత్రుల ఎదుట, కార్యవర్గ సభ్యుల ఎదుట ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక సందేహం తీర్చవలసి ఉన్నది. బొమ్మ రైళ్ళను ఫోటో తీయడం పిల్లల ఆట కాదా, దీనికి కళాశాల సొమ్ము ఎందుకు అని కొందరు పెద్దలు అడుగవచ్చును. నమూనా రైళ్ళు మొదట పిల్లల ఆటవస్తువులుగానే పుట్టినవి. జర్మనీలోని మెర్క్లిన్ సంస్థ 1891లో పట్టాల కొలతలను ఒక క్రమపద్ధతిలో పెట్టి బొమ్మ రైళ్ళను సంతకు తెచ్చింది. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ 1920లో తన రైళ్ళను విడుదల చేశాడు. అయితే కాలక్రమాన పెద్దలు ఆ బొమ్మలను చేతిలోకి తీసుకుని, వాటి ద్వారా చరిత్రను కాపాడడం నేర్చుకున్నారు. ఆస్ట్రేలియా నుండి ఇంగ్లండు వచ్చిన రాయ్ ఇంగ్లండ్ అనే ఆయన, పాత పల్లెటూరి ఇళ్ళు కళ్ళముందే రూపుమారిపోవడం చూచి, వాటిని చిన్న నమూనాలుగానైనా నిలపాలని పూనుకున్నాడు. ఆ ప్రయత్నమే 1954లో పెండన్ మ్యూజియం అయింది. గడ్డికప్పుల ఇళ్ళు, పెరటి తోటలు, వాటి నడుమ సాగిపోయే రైలు ఈనాటికీ అక్కడ చూడవచ్చును.

అమెరికాలో జాన్ ఆలెన్ కథ మన విషయానికి మరింత దగ్గరిది. కాలిఫోర్నియా రాష్ట్రంలోని మాంటెరేలో ఆయన తన ఇంటిలో కొండలు, లోయలు, వంతెనలతో ఒక అద్భుతమైన నమూనా రైలుమార్గాన్ని ఏళ్ళ తరబడి నిర్మించాడు. ఆయన వృత్తిరీత్యా ఛాయాచిత్రకారుడు కూడా. 1973 జనవరిలో ఆయన మరణించిన కొద్ది రోజులకే అగ్నిప్రమాదంలో ఆ మార్గంలో చాలా భాగం ధ్వంసమైంది. నేడు ప్రపంచం ఆ కొండలను, వంతెనలను ఎరిగి ఉన్నదంటే, ఆయన తీసిన ఛాయాచిత్రాల వల్లనే. అట్టబొమ్మకు చెదలున్నది, వాననీరున్నది, అగ్గి ఉన్నది. తస్వీరు ఒక్కటే మిగిలేది. కనుక బొమ్మను చేయడంలో ఉన్న బాధ్యతే దానిని ఫోటో తీయడంలోనూ ఉన్నది.

ఈ మాట మనకు పరాయిది కాదు. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు నిజాము రైలు వచ్చింది. 1916లో కట్టిన కాచిగూడ స్టేషను గుమ్మటాలు నేటికీ మన కళ్ళముందున్నవి. కాని ఆ స్టేషను నుండి మన్మాడు వైపు సాగిన మీటరు గేజి బండ్లు నేడు లేవు. 1992లో రైల్వేలు దేశమంతటా ఒకే కొలత పట్టాలు వేయాలని ఆరంభించిన పథకం వల్ల ప్రయాణానికి మేలు జరిగిన మాట నిజమే; దానితోపాటే ఆ చిన్న బండ్ల రూపం ఈ తరం ఊహకు అందకుండా పోయిన మాటా నిజమే. తాతయ్యలు వర్ణించి చెప్పే ఆ బండిని ఒక విద్యార్థి అట్టతో చేసి చక్కగా ఫోటో తీసినట్లయితే, అది ఆట మాత్రమే అని ఎవరనగలరు?

ఇక అసలు విషయానికి వద్దాము. నమూనా రైళ్ళలో లోకమంతటా ఎక్కువ ప్రచారంలో ఉన్నది హెచ్.ఓ. అనే స్కేలు. ఇందులో నిజమైన వస్తువు 87 మిల్లీమీటర్లయితే బొమ్మ ఒక్క మిల్లీమీటరు. సుమారు 21 మీటర్ల 34 సెంటీమీటర్ల పొడవుండే మన ఐ.సి.ఎఫ్. పెట్టె ఈ లెక్కన 245 మిల్లీమీటర్లు, అనగా స్కేలుబద్దకంటె కొంచెం చిన్నది. నిలబడిన మనిషి రెండు సెంటీమీటర్లు. ఇంత చిన్న వస్తువును ఫోటో తీసేటప్పుడు కెమేరా ఎదుర్కొనే చిక్కులు ముఖ్యంగా మూడు. ఆ మూడింటిని పరిశీలించినట్లయితే ఏ కెమేరా కొనవలెనో దానంతటదే తేలిపోతుంది.

మొదటి చిక్కు లోతు. దూరాన నిలబడి నిజమైన బండిని ఫోటో తీస్తే ఇంజను నుండి గార్డు పెట్టె వరకు అన్నీ స్పష్టంగా పడతాయి. కెమేరాను బొమ్మకు అడుగు దూరానికి తెచ్చినప్పుడు అట్లా జరగదు. ఒక సన్నని పొర మాత్రమే స్పష్టంగా ఉండి, ముందువెనుకలు మసకబారతాయి. ఈ పొర మందాన్నే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. లెక్క వేసి చూడండి: 36 మిల్లీమీటర్ల వెడల్పు సెన్సరున్న పెద్ద కెమేరాకు 50 మిల్లీమీటర్ల లెన్సు తగిలించి, రంధ్రాన్ని ఎఫ్ 16 వరకు చిన్నది చేసి, 30 సెంటీమీటర్ల దూరాన ఫోకస్ చేస్తే, స్పష్టంగా పడే లోతు సుమారు 29 మిల్లీమీటర్లు. 245 మిల్లీమీటర్ల పెట్టెలో ఇది ఎనిమిదో వంతు. రంధ్రాన్ని ఇంకా చిన్నది చేద్దామంటే, కాంతి ఆ సన్నని సందులో చెదిరిపోయి బొమ్మంతా మెత్తబడుతుంది. భౌతికశాస్త్ర విద్యార్థులకు డిఫ్రాక్షన్ సంగతి మేము చెప్పనవసరం లేదు.

ఈ మసకే బొమ్మ గుట్టు బయటపెడుతుంది. నిజమైన ఊరిని మేడమీది నుండి తీసి, ముందువెనుకలు కావాలని మసకబరిస్తే ఊరంతా బొమ్మల కొలువులా కనిపించడం మీరు చూచే ఉంటారు. మసక ఎక్కువైతే వస్తువు చిన్నదని కన్ను తీర్పు చెప్పుకుంటుంది. కనుక బొమ్మను నిజమైన బండిలా చూపదలచినవాడు ఆ మసకను జయించాలి. పెద్ద సెన్సరు ఇక్కడ సహాయం చేయకపోగా ఎదురు తిరుగుతుంది. ఒకే దృశ్యాన్ని, ఒకే ఎఫ్ సంఖ్యతో తీసినప్పుడు చిన్న సెన్సరుకే ఎక్కువ లోతు దక్కుతుంది. లక్ష రూపాయలు దాటే కెమేరా చెంత చేతిలోని ఫోను చిన్నబోనక్కరలేని సందర్భం ఇది. అయితే ఫోనులోని పోర్ట్రెయిట్ పద్ధతిని తప్పక ఆపివేయాలి. అది లేని మసకను తెచ్చిపెడుతుంది.

రెండవ చిక్కు ఎత్తు. మనం నిజమైన రైలును నేలమీద నిలబడి చూస్తాము. మన కన్ను నేలకు ఇంచుమించు 160 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. బొమ్మ లోకంలో అది 18 మిల్లీమీటర్లు. అంటే లెన్సు నడిబొడ్డు బొమ్మ నేలకు 18 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి. ముందుభాగం 70 మిల్లీమీటర్ల వెడల్పున్న పెద్ద లెన్సును నేలకు ఆనించి పెట్టినా దాని నడుమ 35 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుంది. బొమ్మ లోకంలో అది పదడుగులు. చూచేవానికి మిద్దె మీది నుండి తొంగిచూస్తున్నట్లుంటుంది. బల్ల అంచున దానిని నిలిపి తీయవచ్చును గాని, ప్లాట్‌ఫారం నడుమకో, ఇళ్ళ సందులోకో అది దిగజాలదు. ఫోనును తలక్రిందులుగా నిలబెట్టండి. లెన్సు నేలకు ఒకటి రెండు సెంటీమీటర్ల దగ్గరకు వస్తుంది. స్టేషనులో నిలబడి బండి కోసం ఎదురుచూస్తున్న ప్రయాణికుని చూపు అప్పుడు దొరుకుతుంది. ఈ ఉపాయానికి పైసా ఖర్చు లేదు.

మూడవ చిక్కు వెలుతురు. లోకానికి సూర్యుడొక్కడే, ప్రతి వస్తువుకు నీడ ఒక్కటే. గదిలో రెండు ట్యూబులైట్ల కింద తీసిన బొమ్మ ఇంజనుకు రెండు నీడలుంటాయి. ఎంత చక్కగా చేసిన ఇంజనైనా అక్కడే దొరికిపోతుంది. పైగా పసుపు బల్బు, తెల్ల ట్యూబు కలిసి వెలిగితే ఏ సాఫ్ట్‌వేరూ సరిదిద్దలేని రంగుల గందరగోళం ఏర్పడుతుంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు కనుక కొన్ని చవుక దీపాలు సెకనుకు 100 మార్లు మిణుకుతాయి; షట్టరు వేగం ఎక్కువైతే ఫోటోలో చారలు పడతాయి. షట్టరును సెకనులో 50వ వంతుకో, 25వ వంతుకో ఉంచితే ఆ బాధ తప్పుతుంది. అన్నింటికంటె ఉత్తమమైన దీపం ఉదయపుటెండ. బొమ్మను మిద్దె మీదికి చేర్చి, వెనుక ఒక నీలిరంగు అట్ట నిలిపి తీయండి. అంతకుముందు మెత్తని కుంచెతో దుమ్ము దులపడం మరువకండి. కంటికి ఆనని నలుసు కూడా ఈ ఫోటోలో బండరాయిలా కనిపిస్తుంది.

పెద్ద కెమేరాలో గుణమే లేదని మేము అనడం లేదు. కదిలే బండిని తీయడానికి, మసక వెలుతురులో పనిచేయడానికి, లెన్సులు మార్చుకోవడానికి దానికి సాటి లేదు. కళాశాల ఉత్సవాలకూ పనికివస్తుందని కొందరనవచ్చును. ఆ అవసరానికి కొనదలిస్తే ఆ పేరుతోనే కొనవలెను. నమూనా రైళ్ళ పేరుతో కొనడం సబబు కాదు. ఇక ఎన్ని మెగాపిక్సెళ్ళు కావాలన్న ప్రశ్న. ఈ పత్రికలో ఏ4 పుట నిండా ఒక ఫోటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయడానికి 2480 అడ్డంగా, 3508 నిలువుగా పిక్సెళ్ళు చాలును. గుణిస్తే 87 లక్షలు, అనగా తొమ్మిది మెగాపిక్సెళ్ళ లోపు. పన్నెండు మెగాపిక్సెళ్ళ ఫోను, లేదా పదేళ్ళనాటి కెమేరా ఈ పనికి ధారాళంగా సరిపోతుంది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్లు, కెమేరా చిన్నదన్న సాకు ఇక చెల్లదు.

తప్పక కొనవలసిన వస్తువు ఒకటున్నది. అది మూడుకాళ్ళ స్టాండు. దానికి ఫోనును పట్టే బిగింపు ఉండాలి. కెమేరా ఒక వెంట్రుకంత కూడా కదలకుండా ఉంటేనే ఇప్పుడు చెప్పబోయే విద్య సాధ్యమవుతుంది. ఆ విద్య పేరు ఫోకస్ స్టాకింగ్. ఒకే దృశ్యాన్ని పది పన్నెండు మార్లు తీస్తారు. మొదటిసారి ఇంజను ముక్కు మీద, తరువాత చక్రాల మీద, ఆ తరువాత పెట్టెల మీద, ఇట్లా ఫోకసును కొంచెం కొంచెం వెనుకకు జరుపుతూ పోతారు. పిమ్మట సాఫ్ట్‌వేరు ప్రతి ఫోటోలోని స్పష్టమైన పొరను ఏరి, అన్నింటినీ ఒక్క చిత్రంగా కూర్చుతుంది. ఏ లెన్సూ ఇవ్వలేని లోతు ఈ విధంగా లభిస్తుంది. 2017లో వచ్చిన నికాన్ డి850 వంటి కెమేరాలలో ఈ వరుస ఫోటోలు వాటంతటవే తీసే ఏర్పాటున్నది. ఫోనులో కూడా ఫోకసును చేతితో జరిపే ప్రో పద్ధతి ఉంటే, టైమరు పెట్టి ఓపికగా ఒక్కొక్కటే తీయవచ్చును. పావుగంట పని, బండి ఎక్కడికీ పారిపోదు.

ఇక సాఫ్ట్‌వేరు. ఫోటోషాప్ 1990 నుండి ప్రసిద్ధికెక్కిన గొప్ప సాధనం. అందులో సందేహం లేదు. కాని 2013 నుండి ఆ సంస్థ కొత్త వెర్షన్లను చందా పద్ధతిలోనే ఇస్తున్నది. చందా ఆగితే పనిముట్టు చేజారుతుంది. ఏటేటా నిధుల కోసం ఎదురుచూచే కళాశాలకు ఇది తగిన ఏర్పాటు కాదు. 1996 నుండి ఉచితంగా లభిస్తున్న గింప్, కెమేరా రా ఫైళ్ళను దిద్దే డార్క్‌టేబుల్, రాథెరపీ, ఇవేవీ పైసా అడగవు. ఫోకస్ స్టాకింగ్ కోసం హగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో పాటు వచ్చే పనిముట్లు ఫోటోలను ఒకదానిపై ఒకటి సరిగ్గా అమర్చుతాయి. ఎన్‌ఫ్యూజ్ వాటిని కలుపుతుంది. వాడుకలో ఇవి కొంత మొరటువే. హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ వంటి అమ్మకపు సాఫ్ట్‌వేరులు ఇదే పనిని సులువుగా, శుభ్రంగా చేస్తాయి. అయినా నేర్చుకునే వయసులో కొంత మొరటు పనిముట్టే మంచి గురువు. తాను చేసే ప్రతి పనికి అర్థం తెలుసుకోక తప్పదు గనుక.

ఇక్కడ ఒక కఠినమైన మాట చెప్పవలసి ఉన్నది. తాళం పగులగొట్టిన సాఫ్ట్‌వేరును స్నేహితుని పెన్‌డ్రైవు నుండి ఎక్కించుకోవడం నేడు చాలామందికి తప్పుగానే తోచడం లేదు. ఎదుటివాని కష్టాన్ని వెల ఇవ్వకుండా వాడుకోవడాన్ని ఏమంటారో మన రెండు భాషలలోనూ మాటలున్నవి. ఉచితంగా, ధర్మంగా దొరికే దారి ఉండగా దొంగదారి తొక్కడానికి పేదరికం సాకు కాజాలదు. కళాశాల కంప్యూటర్లలో అటువంటిది ఒక్కటి కూడా ఉండరాదని కార్యవర్గం ఆదేశించవలసిందిగా మా ప్రార్థన.

అన్నింటికంటె ముఖ్యమైన ప్రశ్న చివరకు మిగిలింది. ఎడిటింగ్ ఎంతవరకు ధర్మం? 1934లో ఇంగ్లండులోని ఒక పత్రికలో లాక్‌నెస్ సరస్సు వింతజంతువు ఫోటో అచ్చయింది. అది ఒక బొమ్మ జలాంతర్గామికి తల అతికించి తీసిన చిత్రమని 1994లో గాని లోకానికి వెల్లడి కాలేదు. అరవై ఏళ్ళు ఒక చిన్న నమూనా లోకాన్ని మోసగించింది. నేడు కృత్రిమ మేధ వచ్చిన తరువాత అంతటి శ్రమ కూడా అక్కరలేదు. నాలుగు మాటలు టైపు చేస్తే పొగ, వాన, జనం, స్టేషను అన్నీ క్షణంలో ప్రత్యక్షమవుతాయి. అప్పుడు విద్యార్థి చేసినదేమిటి, యంత్రం చేసినదేమిటి?

మా అభిప్రాయంలో హద్దు ఇది. దుమ్ము తుడవడం, రంగు సరిచేయడం, వెలుతురు దిద్దడం, వెనుకనున్న గోడను, కరెంటు తీగను తొలగించడం, ఫోటోలను పేర్చి లోతు సాధించడం, ఇవన్నీ సమ్మతమే. ఆకాశమో, చిమ్నీ పొగో చేర్చితే ఆ సంగతి ఫోటో కింద రాయాలి. చేయని చక్రాన్ని, కట్టని గోడను, వేయని పట్టాను చేర్చడం మాత్రం ఎంతమాత్రం తగదు. ఆ ఫోటో చూచి రేపు ఒక చెల్లెలో తమ్ముడో మీటరు గేజి పెట్టె ఇట్లా ఉండేదని నమ్ముతారు. యంత్రం ఊహించి అతికించిన కిటికీ చరిత్రలో కిటికీగా నిలిచిపోతుంది. నమూనా పని ఉన్న రూపాన్ని కాపాడడం. లేని రూపాన్ని పుట్టించడం కాదు.

నమూనా అన్న మాటనే చూడండి. అది ఫారసీ నుండి ఉర్దూకు, ఉర్దూ నుండి తెలుగుకు వచ్చి రెండు ఇళ్ళలోనూ సొంత మాటగా స్థిరపడింది. ఈ పత్రికలోని ఉర్దూ పుటలు చదివేవారికి, తెలుగు పుటలు చదివేవారికి ఏ అనువాదమూ అక్కరలేని మాట అది. కనుక మన విద్యార్థులు తీసే ప్రతి ఫోటో కింద, ఎంత నిజంలా కనిపించినా, ఆ ఒక్క మాటా స్కేలూ రెండు లిపులలోనూ ఉండాలని మా సూచన. దానివల్ల ఫోటో విలువ తగ్గదు. చూచినవాడు మొదట బండి అనుకుని, పిమ్మట ఆ మాట చదివి ఆశ్చర్యపోవడంలోనే చేసినవాని ప్రతిభ తెలుస్తుంది.

కార్యవర్గ సభ్యులకు మా విన్నపం సంగ్రహంగా ఇది. ఈ అభిరుచి కోసం పెద్ద కెమేరా కొనవద్దు. సాఫ్ట్‌వేరుకు చందా కట్టవద్దు. ఒక గట్టి స్టాండు, ఫోను బిగింపు, ఒక మంచి దీపం, నీలిరంగు అట్టలు, మెత్తని కుంచెలు కొనండి. ప్రయోగశాలలోని ఒక కంప్యూటరులో పైన చెప్పిన ఉచిత సాఫ్ట్‌వేరులను ఎక్కించి, వారానికి ఒక సాయంత్రం విద్యార్థులకు విడవండి. ఫోను లేని విద్యార్థి వెనుకబడకుండా కళాశాల పేర ఒక ఫోను కూడా ఆ గదిలో ఉండాలి. మిగిలిన సొమ్మును అట్టకు, రంగులకు, పుస్తకాలకు వెచ్చించండి. కెమేరా ఒక్కరి చేతిలో ఉంటుంది. అట్ట, రంగులు, ఓర్పు అందరి చేతులలోనూ ఉంటాయి. విద్యార్థి మిత్రులారా, వచ్చే సంవత్సరపు ఈ పత్రికలో మీ చేతితో చేసిన మీటరు గేజి బండి ఒక పుట నిండా కనిపించాలని, దాని కింద నమూనా అన్న మాట రెండు లిపులలోనూ వెలగాలని మేము మనసారా కోరుకుంటున్నాము.